ముప్పై ఐదు

కొండాపూర్‌ల ఫ్లాటు ఖాళీ చేసేటోళ్ళు
"వాచ్‌మన్ వద్దంటుండు, నువ్వు తీస్కపోతవా?" అన్నరు.
ట్యాంకరు పైపు చుట్టుకుంట
"ఎన్ని నీళ్ళు పడ్తయి?" అన్న.
నూట ఇరవై లీటర్లట.
ఐదువేలు మోసే బండి ముందు సీట్ల
క్లీనరు నర్సింగ్ ఒళ్ళో
ఒక ఖాళీ సముద్రం, దాని లైటు, దాని మోటరు,
అర బస్తా ఉప్పు,
బోరబండ ఎక్కినయి.

ఊరంతటికి నీళ్ళు పోస్త.
ఇదేం నీళ్ళని ఎవ్వరూ అడగలే,
వచ్చిందా లేదా, గంతే.
ఇప్పుడు గాజు సీసాల ఐదు మిల్లీ పట్టి
చుక్క, చుక్క, చుక్క,
నీలం ఎప్పుడు పసుపైతదా అని
లైటుకు ఎత్తి చూస్తున్న.
ఎనిమిదో చుక్కకు అయ్యింది.
ఎనిమిది మంచిదట.
రేపు గూడ ఎనిమిదే రావాలట.

బోరు నీళ్ళు పనికిరావు, సున్నం.
నల్లా నీళ్ళు పనికిరావు, మందు వాసన.
నా బండిల నీళ్ళు అసలే పనికిరావు.
ఆ మాట ఎవరికీ చెప్పకుండ
గల్లీ చివర ప్లాంటుల
రెండుసార్లు వడగట్టిన క్యాను కొన్న.

మే నెల. రేకుల కప్పు.
పొద్దున్న నిండుగ, మాపటికి రెండు వేళ్ళు తక్కువ.
సముద్రం తగ్గితే సముద్రమే పోయాలె గద!
ఉప్పు కలిపి పోసిన. మళ్ల తగ్గింది. మళ్ల పోసిన.
కొన్నాళ్ళకు పగడాలు మూతులు ముడుసుకున్నయి
అలిగిన చుట్టాల్లెక్క.
చారల చేప మూలకు పోయి
ఊపిరి లెక్కవెట్టుకుంటుంది.

మురాద్‌నగర్‌ల ఖుద్దూస్ భాయ్ దుకాణం.
నా సీసాలకెల్లి ఒక చుక్క తీసి
కంటికాడ గొట్టం పెట్టి
"ముప్పై తొమ్మిది" అన్నడు.
"ముప్పై ఐదుండాలె. ఏం పోసినవ్?"
చెప్పిన.
చాయ్ సాసర్ల పోసుకుంట నవ్విండు:
"ఎండకు పోయింది నీళ్ళు, మియా.
ఉప్పు యాడికీ పోలే."

ఇరవై రెండేండ్లు నీళ్ళు మోసిన.
ఈ సంగతి నాకు తెల్వదు.

ఇయ్యాల్నే సరిజేస్త అని లేచిన.
"నక్కో. రోజుకొక్క అంకె దించు.
తప్పు నీళ్ళల్ల గూడ బతుకుతయి.
ఒక్కపారి మారిన నీళ్ళల్ల బతుకవు."

నాలుగు రోజులు.
ఫోన్ నిండ నిజాంపేట తిట్లు:
"అన్నా, పొద్దుగాల్నుంచి స్నానాల్లేవు, జల్ది రా!"
ఆడ జల్ది, ఈడ నక్కో.
నడుమ క్లచ్చు తొక్కుకుంట తిరిగిన.
ముప్పై ఎనిమిది.
ముప్పై ఏడు.
ఆ రాత్రి కరెంటు పోయింది, మోటరు ఆగింది.
స్వరూప లేచి, తిట్టుకుంటనే,
స్టీలు గ్లాసుతోని ముంచి ఎత్తి, ముంచి ఎత్తి
రెండు గంటలు అలలు పోసింది.
ఆమె ఎన్నడూ సముద్రం చూడలే.

తెల్లారి నొసటి బొట్టుబిళ్ళ తీసి
అద్దానికి అంటించింది:
"నీళ్ళు ఈడిదాకనే. ఉప్పు లేని నీళ్ళే.
నేను పోస్త, నువ్వు ముట్టకు."

ఇప్పుడు రాత్రి బండి పెట్టి ఇంటికొచ్చేసరికి
ఎర్ర బొట్టు కింద
నీళ్ళు వెంట్రుకంత గూడ జారి ఉండవు.
పగడాలు తెరుచుకున్నయి.
ఒక్కటి తెరువలే. ఎందుకని దాన్ని అడుగుతలేను.
సీసా కడిగి బోర్లిచ్చి
పండుకున్న.