మీకూ వస్తోందా

వచ్చే ముందు నాకు మెంతులు మాడిన వాసన వస్తుంది.
పొయ్యి మీద ఏమీ ఉండదు.
ఒక్కోసారి వంటింట్లోనే ఉండను,
క్రూక్స్ ఎక్కే బస్సులో పై అంతస్తులో ఉంటాను.
అద్దం మీద వాన పక్కకు పారుతుంటుంది,
ఎవరో పోపు గిన్నె మరిచిపోయినట్టు
ఆ చేదు ముక్కుకు తగులుతుంది.
అప్పుడిక నాకున్నవి పదో పన్నెండో సెకన్లు.
కళ్లజోడు తీసి సంచీలో వేసి
పక్కవాళ్లతో "ఫిట్ వస్తోంది, కంగారు పడకండి"
అనడానికి సరిపోతాయి.
అన్నిసార్లూ సరిపోవు.

తర్వాతిది నాకు తెలీదు.
అది మీరంతా చూసిందే,
నేనొక్కదాన్నే చూడలేదు.
నాకు మిగిలేది కొరుక్కున్న నాలుక,
తడిసిన బట్టలు,
ఎవరిదో తెలియని కోటు తల కింద.

ఇళ్లకు వెళ్లి పుళ్లకు కట్లు మార్చే నర్సుని.
షెఫీల్డుకీ ఏడు కొండలే అంటారు,
మొక్కులు మాత్రం లేవు.
నా చిన్న ఎర్ర కారుకు అన్నీ తెలుసు,
ఏ వాలులో మంచు కరగదో, ఏ ముసలాయన కుక్క కరుస్తుందో.
లైసెన్సు స్వాన్సీకి పోస్టు చేశాక
కారు వాకిట్లో నాచు పట్టింది.
ఏడాదిపాటు ఒక్కటీ రాకపోతే తిరిగిస్తారు.
పదకొండు నెలల నాలుగు రోజులు లెక్కపెట్టాను ఒకసారి.
రొట్టెల కొట్టు వరసలో
మళ్లీ ఒకటి నుంచి.

ఉదయం ఏడింటికి రెండు మాత్రలు, రాత్రి ఏడింటికి రెండు.
అవి మెరుపుల్ని ఆపుతాయి,
పోతూ పోతూ మాటల్ని కూడా పట్టుకుపోతాయి.
నిన్న జల్లెడ అన్న మాట దొరక్క
"ఆ చిల్లులది ఇవ్వు" అన్నాను.
మా ఆయన భార్గవ పకోడీల గరిటె ఇచ్చాడు.
దానిమీద గంటసేపు పోట్లాడుకున్నాం.

మార్చిలో రాజ్యం అత్తయ్య వచ్చినప్పుడు
ఆవిడ కళ్ల ముందే పడిపోయానట.
చెంచా తెచ్చి పళ్ల మధ్య పెట్టబోతే
తొమ్మిదేళ్ల చరిత్ చెయ్యి పట్టుకున్నాడట,
"నోట్లో ఏమీ పెట్టకూడదు మామ్మా,
పక్కకు తిప్పుదాం. నువ్వు గడియారం చూడు."
ఆవిడ చూసింది. రెండు నిమిషాల నలభై.
ఊరుకోలేక, ఇనుము మంచిదని
గూట్లో దొరికిన తాళాలు నా గుప్పిట్లో పెట్టింది.

లేచేసరికి చేతిలో కారు తాళం.
దాన్నే చూస్తూ ఉండిపోయాను.

అప్పటికే పచ్చ యూనిఫాం అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని
ఏ రోజు ఇవాళ అని అడుగుతోంది.
నాకు ముందు తెలుగొస్తుంది,
తర్వాత నా పేరు,
ఇంగ్లీషు అన్నిటికంటే ఆఖర్న చెప్పులు వెతుక్కుంటూ వస్తుంది.
"ఆదివారం" అన్నాను.
అయోమయం అని రాసుకోబోయింది.
"కరెక్టే చెప్పింది" అన్నాడు చరిత్,
"మీకు అర్థం కాలేదంతే."

నా జబ్బు గురించి ఇంతవరకూ ఎవరూ
అంతకంటే బాగా మాట్లాడలేదు.

మొన్న రాత్రి మెంతుల వాసన.
గరిటె వదిలేసి, కళ్లజోడు తీసి,
నేల మీద గోడకానుకుని కూర్చున్నాను.
ఒకటి, రెండు, మూడు...
పద్నాలుగు దాటింది. ఇంకా నేనే ఉన్నాను.
"మీకూ వస్తోందా?" అని అరిచాను.
ముందు గదిలోంచి దగ్గు.
"ఏం మాడ్చావ్?" అన్నాడు భార్గవ.
"అబ్బా కంపు!" అన్నాడు చరిత్.
అంతలో పొగ అలారం చెవులు చిల్లులు పడేలా కూసింది.

నేల మీంచి లేవలేదు వెంటనే.
ఊరంతా పట్టించుకోని ఆ మామూలు మాడు వాసనని
ఇంకో రెండు గుక్కలు పీల్చాను.

పులుసు పరమ చేదుగా ఉంది.
నేను మారు వడ్డించుకున్నాను.