పదిహేడో నంబరు ఎడమచెయ్యి

ముఖాలు నాకు గుర్తుండవు.
రోజుకి నలభై ఎనిమిది చేతులు,
ఒక్కో చేతికి పద్దెనిమిది గొట్టాల నెత్తురు.
తల ఎత్తే తీరిక ఉండదు.
నరాలు గుర్తుంటాయి.

బాచుపల్లి దాటాక నీలం అద్దాల బిల్డింగు,
మూడో అంతస్తు, వరసగా ఇనుప మంచాలు.
కొత్త మాత్ర పాత మాత్రంత పనిచేస్తుందా అని
ముందు ఈ ఒళ్ళని అడుగుతారు.
షాపూర్ నగర్ అడ్డా మీద కూలి దొరకని ఒళ్ళు,
ఆటో ఫైనాన్సుకి చిక్కిన ఒళ్ళు,
డిగ్రీ తప్పి హాస్టల్ బాకీ పడ్డ ఒళ్ళు.
మా కాగితాల్లో వీళ్ళు వాలంటీర్లు.
ఇష్టపడి వచ్చినవాళ్ళని అర్థం.

పొద్దున ఆరు. మాత్రకి ముందు నెత్తురు,
దాన్ని సున్నా గంట అంటాం.
పదిహేడో నంబరు ఎడమచెయ్యి చాపాడు.
రబ్బరు పట్టీ బిగించాను.
మోచేతి మడతలో
కూకట్‌పల్లి వై జంక్షన్‌లా చీలిన నరం,
పక్కనే కందిగింజంత కాలిన మచ్చ.
"వెల్డింగ్ రవ్వ వడ్డదక్కా" అన్నాడు పోయినసారి,
నేను అడక్కుండానే.

పోయినసారి అంటే బాలానగర్‌లో,
నా పాత ఉద్యోగంలో,
ఇరవై రెండు రోజుల కింద.
మందు ఒంట్లోంచి పూర్తిగా పోవాలంటూ
తొంభై రోజులు ఆగమంటుంది రూలు.
అప్పుడు సాయిలు. ఇప్పుడు ఆధార్ మీద బాల్‌రాజు.
నేను కంపెనీ మారాను, అతను పేరు మారాడు,
ఇద్దరం నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయనే.
వేలిముద్రల మిషను సోమవారం నుంచి రిపేరు.
స్టడీ మాత్రం ఆగదు.

నా చూపు మచ్చ దగ్గర ఆగడం చూశాడు.
"కుదువ వెట్టిన మిషను ఇడిపిస్తె
మల్ల రానక్కా."
అంతే అన్నాడు. బతిమాలలేదు.

రాత్రి తొమ్మిదింటికి మా చిన్నదానికి
ఫిట్స్ మాత్ర సగం విరిచి చెంచాలో నూరతాను.
దానికీ ఒక సున్నా గంట ఉండే ఉంటుంది,
ఎవరో చాపిన చెయ్యి,
చెయ్యి పట్టుకుని నాలాంటిదెవరో.
ఆమె చూసిందో, చూడనట్టు ఊరుకుందో
నాకు తెలిసే దారి లేదు.
చేదని ఉమ్మేస్తే మళ్ళీ పడతాను.

పరిమళ మేడంకి చెప్పాను.
"కాగితాలు కరెక్టేనా?"
కరెక్టే మేడం.
"మరి నువ్వు చూసిందేంటి?"
నరం, మేడం.
ఆవిడ గడియారం వైపు చూసింది.
మంచానికి రెండు నిమిషాల లెక్కన మాత్రలు వేయాలి,
పదహారో నంబరు అప్పటికే నోరు తెరిచి ఉన్నాడు.
"నరానికి కాలమ్ లేదమ్మా ఫారంలో."

కాలమ్ లేదు. నిజమే.
కానీ అడుగున 'ఇతర విషయాలు' అని
ఒక వేలెడు ఖాళీ ఉంటుంది.
ఏడేళ్ళలో దాంట్లో నేనేం రాయలేదు.
నీలం పెన్నుతో రాశాను:
ఈ చేతిని నేను ఎరుగుదును.
తారీఖు, టైము ఆరూ పన్నెండు, సంతకం.
మేడం చదివింది, పెదవి కొరికింది.
రాసినదాన్ని చింపడానికి మా దగ్గర రూలు లేదు.

దారిఖర్చు మూడు వందలు ఇచ్చి పంపేశారు.
అతని కాలేయానికి మేలు చేశానని
మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని అనుకున్నాను.
మేలో కాదో
తాకట్టు కొట్లో దుమ్ము పట్టిన ఆ మిషన్ని అడగాలి.
బాచుపల్లి కాకపోతే చర్లపల్లి,
రేపు మూడో పేరు, ఎరగని చెయ్యి పట్టుకునే ఇంకో అమ్మాయి.
ఇది కూడా నాకు తెలుసు.

అతను లేచే ముందు
పట్టీ విప్పాను.
సూది గుచ్చనే లేదు, అయినా
దూది ఉండ తీసి ఆ నరం మీద పెట్టాను,
అలవాటు.
అతనూ మోచెయ్యి మడిచి
గట్టిగా నొక్కిపట్టుకున్నాడు.
అలాగే మెట్లు దిగాడు.