రాడు పొగ

ఆటోనగర్ల కొంరెల్లి షెడ్డు.
హసన్‌పర్తి వాళ్ల గేటు నేల మీద పండుకున్నది.

రాడు మొన ఇనుమును ముట్టి
బియ్యపుగింజంత ఎడం జరుగుతది.
ఆ సందుల్నే అంతా.

"పొగ గేటుది కాదురా," అన్నడు మొదటిరోజే,
"ఎక్కువ రాడుదే.
లోపలి తీగె మరిగి, పైపూత మరిగి
ఆవిరై లేస్తది.
గాలి తగలంగనే తుప్పై, సల్లబడి
పిండికన్న సన్నగ పేరుకుంటది.
నీకు కనబడేది గదే.
అద్దం మంటను ఆపుతది, దీన్ని ఆపదు.
మొకం పక్కకు పెట్టు."

చెప్పినోడే
అతుకు సక్కగ కనబడాలని
పొగలకే వంగుతడు.

జింకు పైపుల పని వడ్డ రాత్రి
చలిజ్వరం, నోట్లె పైసబిళ్ల రుచి.
తెల్లారితే ఏమీ లేనట్టే
బెల్లంముక్క చప్పరిస్తూ షట్టరెత్తుతడు.

సుత్తెతో పెచ్చు కొట్టిన.
కింద అతుకు చేపపొలుసు లెక్క మెరిసింది.
బిల్లుల రాసిన: రాడ్లు పద్నాలుగు.
అతుకుల వడ్డది గేటుతోని పోతది,
రాలింది చీపురుకొస్తది,
మిగిలినదానికి బిల్లుల గీత లేదు.

ఇయ్యాల ఇంట్లకెల్లి ఫ్యాను తెచ్చి పెట్టిన.
"గాలికి అతుకు బుగ్గలు లేస్తదిరా!" తిట్టిండు.
కొంచెం జరిపిన.
తీయలే.