రెండు గుణాలు తక్కువ

తెల్లారగట్ల మూడింటికి తునికాకుకు పోతం
నాయనమ్మ, నేను, నడుమ టార్చిలైటు.
డెబ్బై ఆకులకొక కట్ట.
నదవతల యాభైకే కడ్తరట,
మా దిక్కు లెక్క ఎక్కువ, చేతులు మాత్రం అవే.
ఎనిమిది గొట్టంగ కల్లంల అప్పజెప్పి
పసరు వేళ్లతోనే బడికి ఉర్కుత.

మే నెలల బడేందని అడగకుండ్రి.
పదికి పోయేటోళ్లకు సుట్టీ లేదు,
జాదా తాసులున్నయ్.
మేశ్రాం మేడం బోర్డు మీద త్రికోణం గీస్తది
నేను దాని మూలకు మోకాళ్లు మడిచి కూసుంట,
మనసుల,
గ్లౌవు తెరిచి.

సిరొంచల మా గ్రౌండు సూస్తె నవ్వుతరు.
మొదటి బేసు యూరియా బస్తా
రెండోది సుత యూరియా బస్తానే
మూడోది మడావి సార్ పాత చెప్పు.
దాని జత ఏడుందో ఎవలు అడుగలే.
హోం ప్లేటు మాత్రం అసలుది, రబ్బర్‌ది,
చంద్రపూర్ నుంచి ఎర్ర డబ్బా బస్సుల
సార్ ఒళ్లె వెట్టుకొని తెచ్చిండు.
దాని ఎనుక నా జాగ.

ఇంట్ల తెలుగు. పుస్తకంల మరాఠీ.
కోపమొస్తె సార్ తిట్టేది గోండిల.
చెండును మాత్రం నాయనమ్మ చెండే అంటది
మేడం సుత చెండూ అనే అంటది.
తర్జుమా అక్కెరలేనిది మా ఊర్లె అదొక్కటే.
అందుకే గావచ్చు
అదొస్తుంటె నేను ఏం ఆలోచించ.

ఆరు ఊర్ల లీగు, ఎండకాలం లీగు.
ఫైనలు అహేరిల, ఆదివారం.
భూమితి పరీక్ష గదే ఆదివారం.

శుక్రవారం పొద్దుగూకంగ సార్ మా ఇంటికచ్చిండు.
ఆకు బస్తా మీద కూసొని చాయ తాగిండు.
ఈసారి కట్టకు రేటెంతని నాయనమ్మనడిగిండు,
మేకకు కాలెట్ల ఇరిగిందని అడిగిండు.
పరీక్ష మాటెత్తలే, మ్యాచి మాటెత్తలే.
లేసి నిలవడి, దర్వాజ కాడ,
“గ్లౌవు ఇయ్యి బిడ్డా,
తిరుమలేష్ చేతికి సరిపోతదేమో సూద్దం” అన్నడు.

గప్పుడెరికైంది
నేను పోతలేనని.

ఆదివారం, మూడో ప్రశ్న:
చదరం భుజం ఇరవై ఏడు మీటర్లు. కర్ణం ఎంత?
బయట ఎండ, లోపట ఫ్యాను కిర్రుకిర్రు,
నాకు కండ్ల ముందట యూరియా బస్తా గనిపించింది.
హోం నుంచి రెండో బేసు.
దొంగతనంగ ఉరికేటోన్ని
కూసున్న కాడ్నుంచి లేసి కొట్టే దూరం.
నూరుసార్లు కాదు, వెయ్యిసార్లు ఇసిరిన.
గా భుజం సంగతి ఈ భుజానికి తెలుసు.
ముప్పై ఎనిమిది మీటర్లు, మీద చిల్లర.
రాసిన. ముందుకు వోయిన.

రాత్రి పదకొండుకు బస్సు దిగిన్రు మనోళ్లు.
తిరుమలేష్ నా మొకం సూడలే.
“రెండో బేసుకు అందలే అక్కా,
సగంల పడ్డది, ప్రతిసారి.”
గ్లౌవు ఇచ్చిండు.
దాంట్ల అహేరి మట్టి,
తునికాకు పసరు వాసన ఇంక పోలే.
తలకాయ మీద ఒకటి మొట్టి
అన్నం తిన్నవారా అన్న.

బుధవారం పేపరిచ్చిన్రు.
ఇరవైకి పద్దెనిమిది.
మూడో ప్రశ్న కాడ ఎర్రసిరతోని
“జవాబు బరాబర్. పాయర్యా కుఠే?”
మెట్లేవి, అని.

మరాఠీల మార్కులను గుణ్ అంటరు.
నాయనమ్మ పొయ్యి ఊదుకుంట అడిగింది,
“ఎన్ని గుణాలచ్చినయే?”
పద్దెనిమిది.
“ఎన్నిట్ల?”
ఇరవైట్ల.
“గా రెండు గుణాలు ఏడ వారబోసుకున్నవ్?”

ఏడని చెప్పాలె.
పొగకు కండ్లు మండుతున్నయన్న.

తెల్లారి మూడింటికి మళ్ల అడవి.
టార్చిలైటు ముందట నాయనమ్మ.
ఎనుక నేను, ఒక చెట్టు కాడ్నుంచి ఇంకో చెట్టుకు
అడుగులు లెక్కవెట్టుకుంట.
ముప్పై ఆరు, ముప్పై ఏడు,
“ఏం గునుగుతున్నవే?”
మెట్లు, నాయనమ్మా.
“ఈ అడవిల మెట్లేడియి?” అన్నది.