కాలిన మోటారు తీగ

పత్తికొండ బస్టాండు ఎనకాల
మా నాయన మద్దిలేటి మోటారు వైండింగ్ అంగడి.
ఎండాకాలమే మాకు పంట.
ఓల్టేజీ పడిపోయిన రాత్రి తెల్లారితే
వాకిట్లో బురద కక్కుతూ పడుకున్న మోటార్లు,
పక్కనే
బీడీ ఆరిపోయిన సంగతి మర్చిపోయిన మనుషులు.

నాయన మోటారు కడుపు విప్పుతాడు.
ముందు మాడిన వాసన వస్తుంది,
తర్వాత తీగ.
అది కిలోల లెక్కన పాతసామాన్ల మౌలాలికి పోవాలి.
నేను ప్రతి మోటారు నుంచీ ఒక మూర దాచుకుంటాను.
దొంగతనమే అనుకో.
తక్కెట్లో తేడా వచ్చినప్పుడు నాయన
నా చెవుల వైపు ఒకసారి చూసి
మౌలాలితో వేరే మాట మొదలుపెడతాడు.

చింతపండు, ఉప్పు వేసి రాత్రంతా నానబెడితే
మసి వదిలి మొదట ఎర్రచీమ రంగు,
రుద్దితే ఉల్లిగడ్డ పొర రంగు,
ఇంకా రుద్దితే రాగి.
అయినా ఎక్కడో ఒక నల్లమచ్చ ఉండిపోతుంది.
దాని జోలికి పోను.
ఏ బోరు ఎంత లోతుకు పోయి
ఒట్టి చేతులతో తిరిగొచ్చిందో
దానికి తెలుసు.

కమ్మలు చేయడం నాకు తంగేడు పువ్వు నేర్పింది.
అయిదు రేకుల్లో ఒకటన్నా కాస్త వంకరుంటుంది.
ఆ వంకర తీసేస్తే పువ్వు పోయి చొక్కా గుండీ వస్తుంది.
నడుమ సీతాఫలం గింజ.
తూటు పొడవబోతే జారి
నా బొటనవేలికే పొడుస్తుంది, ఎన్నిసార్లో.
గురిగింజకు తన కింది నలుపు తెలియదంటారు కదా,
నేను నలుపు పైకి తిప్పి కడతాను.
(అది విషం. చిన్నపిల్లలున్న ఇంటికి అమ్మను.)

తొలకరి పడగానే జొన్నగిరి చేలకు పోతాను.
బళ్ళారి నుంచి, గుంటూరు నుంచి జనం,
వజ్రాల కోసం వంగిన నడుములు.
ఎవరూ ఆకాశం వంక చూడరు
అది మళ్ళీ కురిసేదాకా.
గట్టు మీద, పాత ఎలక్షన్ ఫ్లెక్సీ తిరగేసి పరిచి
నా సరుకు పెట్టుకుంటాను.
వజ్రం కాదని వాళ్ళు విసిరేసిన పలుగురాళ్ళు
అప్పుడప్పుడు ఫ్లెక్సీ మీదే పడతాయి.
నా ముడిసరుకు నడిచొచ్చినట్టే.

మొన్న ఉరుకుందమ్మ వచ్చింది.
తన చేన్లోనే తను వజ్రం వెతుక్కుంటూ,
వందమంది తొక్కిన తన చేన్లో.
ఈ ఏడు ఆమె మోటారు మూడుసార్లు మా వాకిట్లో పడుకుంది.
ఒక జత కమ్మలు తీసి
గోటితో నల్లమచ్చ గీకింది.
"ఇది యాడిది మే?"

చెప్పకపోయినా పోయేది.
"మీ బోరుదే అత్తా. ఉగాది ముందర కాలినది."

గట్టు మీద గాలి కూడా ఆగినట్టనిపించింది.
తర్వాత ఆమె నవ్విన నవ్వుకు
వంగిన నడుములు నాలుగైదు లేచి చూశాయి.
"నా తీగకు నేనే దుడ్లియ్యాల్నా!"
అంటూనే పెట్టుకుంది.
తల అటూ ఇటూ ఆడించి
"ఏడొందల అడుగులు దింపినా రాని సప్పుడు
చెవి కాడ వస్తాండాది సూడు" అంది.

పోతా పోతా కొంగు ముడి విప్పి
నా అరచేతిలో ఒక రాయి పెట్టింది.
చెనగగింజంత. కాస్త మబ్బు, కాస్త మెరుపు.
"షావుకారికి సూపియ్యలే.
సూపిస్తే రాయంటాడు."

నేనూ ఎవరికీ చూపించలేదు.
నాయన డ్రాయర్లో, వాషర్ల మధ్య ఉంది.
ఎవరి మోటారు తీగ చుట్టాలో
ఇంకా తేలలేదు.