చిన్న అక్షరాల్లో రెండో పేరు

గుణుపురం స్టేషన్ రోడ్డులో
బోనంగి తవిటయ్య రేడియో కొట్టు.
చిన్నరైలు ఇంకా కూతవేస్తున్న కాలం.
నా పని టంకం పెట్టడం, టీలు తేవడం,
మధ్యలో తిట్లు తినడం.

కాగితం మిల్లు గెస్ట్‌హౌస్ పాతసామాను
తూకానికి అమ్మితే
కిలో లెక్కన వచ్చిందా రికార్డు.
అంచున గోరంత పెచ్చు ఊడింది.
ముల్లు ఆనించగానే ఒక మగగొంతు
ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టు మొదలై
చివరికొచ్చేసరికి
కొట్టు పైరేకుల్ని గడగడలాడించింది.
ఇంగ్లీషు.
మా ఇద్దరికీ అందులో "లవ్" ఒక్కటే దొరికింది,
అదీ నాలుగుసార్లు.

ఒడియా బడిలో ఇంగ్లీషు చెప్పే సుకాంతి పాఢి
టేప్‌రికార్డరు కోసం వచ్చి, నిలబడి, విన్నది.
"వెళ్ళొద్దంటున్నాడు" అంది ఒడియాలో,
"నువ్వు వెళితే ఊరంతా దీపాలారిపోతాయంటున్నాడు."
తవిటయ్య ఒడియా బేరాల వరకే.
నావైపు చూశాడు.
"ఎల్లకే, నువ్వెల్తే కరెంటు పోద్దంటన్నాడు" అన్నాను.
టీచరు పకపకా నవ్వింది.
ఆయన నవ్వలేదు.
కరెంటు మీద బతికేవాడికి అది చిన్న మాట కాదు.

రికార్డు మధ్య ఎర్రచీటీ మీద
పాడినవాడి పేరు కింద, చీమల్లా, రెండు పేర్లు.
"మొదటాయన ఇటలీలో రాశాడు,
రెండో ఆయన ఇంగ్లీషులోకి తెచ్చాడు."
"రేవు దాటించాడన్నమాట" అన్నాడు తవిటయ్య
కళ్ళద్దాలు తుడుచుకుంటూ,
"పడవ కూలి ఏపాటి ఇచ్చారో!"

ఆ నెలలోనే అసిరమ్మ
చిన్నరైలెక్కి నౌపడ వెళ్ళింది, అన్నగారింటికి.
పెట్టె పెద్దదే పట్టుకెళ్ళింది.
ఎవరూ ఏమీ అడగలేదు.
ఆయన ఆ వరసకి సొంత మాటలు అతికించుకున్నాడు.
వంశధార ఇసకలో కాలు దిగబడుతుంది, ఎల్లకే.
సంతలో పసుపుకొమ్ములు నీకోసమే ఏరాను, ఎల్లకే.
ప్రాస లేదు, శ్రుతి అసలే లేదు.
వాల్వులు వేడెక్కేదాకా పాడేవాడు,
వేడెక్కాక ఆపేవాడు.

చలికాలం చివర్లో,
మిల్లులో మెషీను బిగించడానికొచ్చిన ఇటలీ ఇంజినీరు
సవర ఊళ్ళ గోడబొమ్మలు చూడబోతూ
కెమెరా లైటు వెలగక మా ముందు జీపాపాడు.
లోపల రికార్డు తిరుగుతోంది.
జేబులోంచి చెయ్యి తియ్యడం మర్చిపోయాడు పాపం.
అయ్యాక తన భాషలో పాడాడు, మెల్లగా, ముక్కుతో.
సుకాంతి టీచర్ని పిలుచుకొచ్చాను.

అతని ముక్కల ఇంగ్లీషు ఆమె ఒడియాలోకి దిగి
నా దగ్గరికి ఇలా వచ్చింది:
మా పాటలో వాడు వెళ్ళొద్దనడు.
వెళ్ళేటప్పుడు కిటికీ వేసి వెళ్ళు,
రాత్రికి చలేస్తుంది, అంటాడు.
అంతే. బతిమాలడమన్నది లేదు.

తవిటయ్య స్క్రూడ్రైవరు పట్టుకుని
నా నోటికేసి చూస్తున్నాడు.
"అదే పాటంట" అన్నాను.
"అచ్చం అదే అర్థమంట."
టీచరుకి అంతో ఇంతో తెలుగొచ్చు.
నన్నొకసారి చూసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.
ఆ వేళ నాకు కూలి అందలేదు,
ఒక తిట్టు కూడా.

ఇప్పుడు ఇదే ఊరి కోర్టులో
తెలుగు సాక్ష్యాల్ని ఒడియాలోకి దించడం నా ఉద్యోగం.
ఉన్నదున్నట్టు చెబుతానని ప్రమాణం చేసినవాణ్ణి.
మొన్న మందస నించి ఒకావిడ బోనెక్కింది.
మీ ఆయన పొమ్మన్నాడా, అని వకీలు.
"పొమ్మన్లేదు బాబూ.
పోతంటే తలుపు దగ్గిరికేసినాడు."

మూసేశాడనా?
జాగ్రత్తకి చేరవేశాడనా?
ఒడియాలో రెండు మాటలు నాలుక మీదికొచ్చాయి,
ఒకటి గడియ చప్పుడుతో, ఒకటి లేకుండా.
జడ్జిగారు గోడగడియారం చూశారు.
నేను ఆవిడ చేతులు చూశాను.
కొంగు చివర చీటీ టిక్కెట్టు ముడి.

గడియ లేని మాటే ఎంచుకున్నాను.
"ఇంతేనా ఆమె అన్నది?"
"ఇంతేనండీ" అని
కాగితం అడుగున, జాగా తక్కువైతే,
పేరు కుదించి రాశాను.