శనివారం, ఇరవై రెండు అడుగులు

హార్బరు గేటు దగ్గర పాసు చూపిస్తే
కాపలాదారుది ఎప్పుడూ అదే ప్రశ్న:
"ఎక్కడికమ్మా ఈసారి?"
ఎక్కడికీ లేదంటాను.
నవ్వి, రిజిస్టరులో ఆ గడి ఖాళీగా వదిలేస్తాడు.

గిడ్డంగుల వెనక, క్రేన్ల నీడ పడే మూల
మూడు తాళ్ళకు కట్టి ఉంటుంది మా పడవ.
కొస నుంచి కొసకు ఇరవై రెండడుగులు.
పేరు బుడుబుంగ.
మునిగే పిట్ట పేరు పడవకేమిటని
కాగితాలు రాసిన గుమాస్తా గొణిగాడు.
మునిగినా తేలుతుంది కదండీ అన్నాడు దేవసహాయం.

డిసెంబరు.
మద్రాసులో చలికాలమంటే
ఫ్యాను ఒక మెట్టు తగ్గడం,
పాలవాడు చెవులకు మఫ్లరు చుట్టుకోవడం.
నీళ్ళ మీద మాత్రం కాస్త నిజంగానే చలి.
తెల్లవారుజామున కేబిను కప్పుకు
మా ఊపిరే చెమ్మై పట్టి
ఒక్కొక్క బొట్టే నా నుదుటి మీద పడుతుంది.
"వాన" అంటాను.
"నువ్వే" అంటాడు కళ్ళు తెరవకుండా.

స్టవ్వు పిన్నుతో పొడిస్తే గాని అంటుకోదు.
ఒకరు నిలబడితే ఇంకొకరు కూర్చోవాలి.
టీ గ్లాసు అందిస్తే మోచెయ్యి గోడకు,
మోకాలు అతని మోకాలికి.
మైలాపూరు నుంచి చెల్లెలి ఫోను,
కచేరీకి టిక్కెట్టు ఒకటి మిగిలిందట.
ఊరంతా తంబురాలు శ్రుతి చేస్తున్న నెల ఇది.
ఇక్కడ ఉన్నది ఒక్క తాడు,
దానిది ఒక్కటే స్వరం, అదీ అపస్వరం,
రాత్రంతా విన్నాను.

వారమంతా హైకోర్టులో
ఎవరెవరి తగాదాలో విని టైపు కొట్టే వేళ్ళు ఇవి.
పడవ పొట్టను నీళ్ళు తట్టే మాటకి
వాది లేడు, ప్రతివాది లేడు.
రాసుకోవలసిందేమీ లేదు.
అయినా మొదటి గంటసేపు
దుప్పటి మీద వేళ్ళు కదులుతూనే ఉంటాయి.

మా తాత పెదగంజాం నుంచి
ఉప్పు పడవ లాక్కుంటూ కాలువ గట్టున నడిచి
ఈ ఊరు చేరాడు.
పడవంటే ఆయనకు
కుడి భుజం మీద తాడు ఒరిసిన కాయ.
చిన్నప్పుడు దాన్ని నొక్కి చూసేదాన్ని,
గవ్వలా గట్టిగా ఉండేది.
డబ్బిచ్చి కొని, కట్టేసి,
ఊరికే కూర్చుంటున్నామని తెలిస్తే
ఆయన ఏమనేవాడో నాకు తెలుసు.
ఏమీ అనేవాడు కాదు.
తాడు ముడి ఒకటి విప్పి, సరిగ్గా వేసి,
వెళ్ళిపోయేవాడు.

పులికాట్ వెళ్దామని కొన్న పటం
నాలుగేళ్ళుగా వేడి గిన్నెల కిందే ఉంది.
ఎన్నూరు ఎదురుగా సముద్రంలో
చారు మరక ఒకటి ఆరి
గుండ్రటి దీవి అయింది.
దానికి పేరు పెట్టే హక్కు నాదంటాడు.
చారు కాచింది నేను.

పోయిన నెల తుఫానుకి
అతను రాత్రంతా ఇక్కడే ఉన్నాడు,
నేను ఇంట్లో, దీపం ఆర్పకుండా.
తెగిన తాడు స్థానంలో కొత్తది
పాతవాటి మధ్య తెల్లగా కనిపిస్తుంది,
బడికి మొదటిరోజు వచ్చిన పిల్లాడిలా.
ఆ రాత్రి గురించి నేను అడగలేదు.
అతను చెప్పలేదు.
ఈ శనివారాలు మాత్రం
కొంచెం పొడుగయ్యాయి.

మధ్యాహ్నం కాసిమేడు వంజరం ముక్కలు రెండు,
మిగిలిన నూనెలో అప్పడాలు.
డెక్కు మీద లారీల దుమ్ము తుడిచి
అతను తడిగుడ్డ పిండుతుంటే
అవతల ఒక పెద్ద ఓడ కూత వేసి కదిలింది.
ఏ దేశమో. చూడటానికి లేవలేదు.
దాని అల మా దాకా వచ్చేసరికి
గ్లాసులో టీ ఒకవైపు ఒరిగి,
ఆలోచించుకుని,
మళ్ళీ సమంగా నిలబడింది.

ఆదివారం సాయంత్రం అడుగున చేరిన నీళ్ళు తోడతాం.
పదకొండు చెంబులు.
పోయిన వారం తొమ్మిదే.
ఎక్కడో సన్నగా కారుతోంది.
"వచ్చే శనివారం చూద్దాంలే"
అంటాడు దేవసహాయం చేతులు తుడుచుకుంటూ,
చాలా సంతోషంగా.